పూలలోయకు వెళ్లబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆగస్టులో ఉత్తరాఖండ్ పూలలోయకు వెళుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వీధిలో నలుగురికీ గొప్పగా చెప్పుకుని వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కొత్త బూట్లైతే ఇప్పటినుంచే తొడుక్కుని నడువు. నూలు బట్టలు తడిస్తే ఒక పట్టాన ఆరవు, వద్దు. మీరు బస చేసే ఘాంఘరియాయే 3,000 మీటర్ల ఎత్తు. తలనొప్పి, వికారం వస్తే బింకానికి పోకుండా కిందికి దిగు. ఇవన్నీ నువ్వు చదివే ఉంటావు.

చదవనిది వాగు సంగతి. నేను వెళ్లిన రోజు పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. రెయిన్‌కోటు గదిలోనే వదిలేశాను. దారిలో ఒక పిల్లవాగును రాళ్ల మీద గెంతుతూ, మడమైనా తడవకుండా దాటాను. లోపల నీలి పాపీ పూలు చూశాక ఇక ఒళ్లు తెలియలేదు. 1939లో అక్కడే పూలు సేకరిస్తూ జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి చూడాల్సిందేనని పట్టుబట్టాను. 'ఇక తిరుగుదాం' అని మీ పెదనాన్న రెండుసార్లు అన్నారు. వినలేదు.

వాన పట్టుకుంది. తిరిగి వచ్చేసరికి పొద్దున కాలు మోపిన రాళ్లు లేవు, వాటి మీద మట్టి రంగు నీళ్లు. ఎండకు కరిగిన మంచుకు వాన తోడైతే వాగు ఇంత మారుతుందని ఊహించలేదు. ఆగి ఉండాల్సింది. ఆలస్యం నావల్లే అన్న ఉక్రోషంతో దిగాను. మోకాలి లోతే, కానీ కాళ్లు లాగేసింది. పెదనాన్న నా సంచి పట్టీ పట్టుకుని గుంజారు. కుట్లు సగం తెగాయి. గదికి చేరాక ఆయన ఒక్క మాట అనలేదు. నా మేజోళ్లు పిండి తాడు మీద ఆరేశారు. తిట్టినా బాగుండేది.

నువ్వు మాత్రం ఎక్కడున్నా 12 గంటలకు వెనక్కి తిరుగు, విన్నావా? ఎలాగూ లోయలో రాత్రి ఉండనివ్వరు. వాగు పొంగితే ఒడ్డునే ఆగు. నీతో వచ్చేవాళ్లు నవ్వితే నవ్వనీ.

నాకోసం బ్రహ్మకమలం తెస్తానన్నావట. పిచ్చిపిల్లా, అక్కడ పువ్వు కోయకూడదు! ఫోటో తెచ్చిపెట్టు, చాలు.

పెదనాన్న రెయిన్‌కోటు పంపుతున్నాను. నీకు పొడవవుతుంది, చేతులు మడుచుకో.

నీ పెద్దమ్మ