షెడ్యూలు ముఖ్యమా, మనుషులా?

"ప్రాజెక్ట్ మేనేజర్‌కు షెడ్యూలు పద్ధతులు వస్తే చాలా, మనుషులతో మెలగడమూ రావాలా?" అన్నది ప్రశ్న. రెండూ రావాలి. అయితే ఒకటి చేసే పని రెండోది చేయలేదు.

క్రిటికల్ పాత్ పద్ధతినే తీసుకోండి. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాడుకలోకి తెచ్చింది. ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టే వరుస ఏదో అది చూపిస్తుంది. ఆ వరుసలో ఒక్క రోజు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఒక రోజు వెనక్కి పోతుంది. మిగతా పనులకు కాస్త వెసులుబాటు ఉంటుంది. ఇది లెక్క, ఎంత మాటకారికైనా నోటితో తేలదు.

అనంతపురం దగ్గర ఒక సైటులో నా షెడ్యూలు కాగితం మీద భేషుగ్గా ఉండేది. జూన్‌లో వాన పడగానే సగం మంది కూలీలు శెనక్కాయ విత్తడానికి ఊళ్లకు వెళ్లిపోయారు. పునాదులు ఆగిపోయాయి, నాకు ఒకటే టెన్షన్. "ముందే అడిగింటే చెప్పేవాణ్ణి గదా సార్" అన్నాడు మేస్త్రి. నిజమే, నేను అడిగింది కంప్యూటర్‌ని.

ఇప్పుడు తేదీలు వేయకముందే మేస్త్రితో కూర్చుని టీ తాగుతాను. పునాదులు మే లోపు ముగించి, వెసులుబాటున్న కాంపౌండ్ గోడను విత్తే వారాలకు నెడతాను.