ఎండ 45 డిగ్రీలు దాటితే చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోయాలా?

ప్రశ్న: నాది టర్బో లేని పెట్రోలు కారు, 62,000 కిలోమీటర్లు తిరిగింది. వారానికి నాలుగు రోజులు జడ్చర్ల నుంచి హైదరాబాద్ వెళ్లి వస్తుంటాను. కారుతో ఇచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 వాడాలని ఉంది. మా మెకానిక్ మాత్రం పాలమూరు ఎండలకు అది నీళ్లలా పలచబడుతుందని, 20డబ్ల్యూ-50 పోయించుకొమ్మని అంటున్నాడు. దుకాణానికి వెళితే ‘ఫుల్లీ సింథటిక్’ అని రాసిన డబ్బాలే మూడు రకాల ధరల్లో కనిపించాయి. ఇంజిన్‌ను ఎక్కువ కాపాడేది ఏదో ఎలా తేల్చుకోవాలి? – ఒక పాఠకుడు, జడ్చర్ల

సమాధానం: మీ మెకానిక్ చెప్పినది అనుభవంతో వచ్చిన మాటే కానీ, అది పాత ఇంజిన్లతో వచ్చిన అనుభవం. ఇంజిన్ వేడెక్కిన తర్వాత లోపలి ఆయిల్ సుమారు 100 డిగ్రీల దగ్గర తిరుగుతూ ఉంటుంది. బయట డిసెంబరు తెల్లవారుజామైనా, మే నెల మిట్టమధ్యాహ్నమైనా థర్మోస్టాట్, రేడియేటరు కలిసి ఇంజిన్ వేడిని ఒక హద్దులోనే ఉంచుతాయి. గ్రేడు చివరనున్న 30 అనే అంకె ఆ 100 డిగ్రీల దగ్గర కొలిచినదే. ఆయిల్ గ్రేడులను నిర్ణయించే ఎస్ఏఈ ప్రమాణం ప్రకారం అప్పుడు ఆయిల్ చిక్కదనం 9.3 సెంటీస్టోక్సులకు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గకుండా, 12.5కు లోపుగా ఉండాలి. 50 గ్రేడులో అది 16.3కు తగ్గకూడదు. ఆయిల్ పంపును, బేరింగుల సందులను తయారీదారు ముందే ఆ 30కి తగినట్టు కుదిర్చి ఉంటాడు. 20డబ్ల్యూ-50 పోసినంత మాత్రాన ఇంజిన్ మర్నాడే బోరుకు రాదు, కానీ మైలేజీ తగ్గుతుంది, ఆయిల్ ఒత్తిడితో వాల్వుల టైమింగ్‌ను సర్దే ఏర్పాటు ఉన్న ఇంజిన్లలో ఆ సర్దుబాటు మందకొడిగా జరిగే అవకాశం ఉంటుంది. పుస్తకంలోనే 5డబ్ల్యూ-40 కూడా ఇచ్చి ఉంటే వేసవిలో దానికి మారవచ్చు, అంతకు మించి వెళ్లవద్దు.

ఇక ముందున్న 5డబ్ల్యూ సంగతి. మైనస్ 30 డిగ్రీల చలిలో ఆ ఆయిల్‌తో ఇంజిన్ క్రాంక్ తిరుగుతుందా అని చేసే పరీక్షకు అది గుర్తు. 0డబ్ల్యూకు అదే పరీక్ష మైనస్ 35 దగ్గర జరుగుతుంది. మహబూబ్‌నగర్‌లో ఎన్ని జన్మలెత్తినా ఆ చలి రాదు కాబట్టి, పుస్తకం అడగనిదే 0డబ్ల్యూ డబ్బాకు అదనంగా డబ్బు పెట్టవలసిన అవసరం లేదు.

‘సింథటిక్’ అనే మాట దగ్గరకు వద్దాం. ఇంజిన్ ఆయిల్‌కు ఆధారమైన మూల నూనెలను ఐదు గ్రూపులుగా విభజిస్తారు. ముడి చమురు నుంచి తీసి, హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసినది మూడో గ్రూపు. రసాయనికంగా కూర్చి తయారు చేసే పాలీఆల్ఫాఓలెఫిన్ నాలుగోది. ఎస్టర్ల వంటివి ఐదో దానిలోకి వస్తాయి. మూడో గ్రూపును సింథటిక్ అనవచ్చునా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ సంస్థల మధ్య తగాదా వచ్చినప్పుడు, అక్కడ ప్రకటనల వివాదాలను పరిశీలించే విభాగం 1999లో క్యాస్ట్రాల్ వైపు మొగ్గింది. అప్పటి నుంచి ఆ మాట డబ్బా మీద ఉన్నంత మాత్రాన లోపల ఏ గ్రూపు నూనె ఉందో చెప్పలేని స్థితి ఏర్పడింది. మూడో గ్రూపు నాసిరకమని నా ఉద్దేశం కాదు; మీ కారుకు అది చాలును. అసలు నాలుగో గ్రూపు బలం ఎక్కువగా తెలిసేది టర్బో వేడికి, మితిమీరిన చలికి.

కాబట్టి డబ్బాను ముందు వైపు కాక వెనకకు తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో ఏపీఐ ఎస్పీ అనే నాణ్యత గుర్తు (ఏపీఐ అంటే అమెరికా పెట్రోలియం సంస్థ) ఉందేమో వెతకండి. 2020 మే నుంచి అమల్లోకి వచ్చిన ఈ ప్రమాణంలో టైమింగ్ చైన్ అరుగుదలకు కూడా పరీక్ష ఉంది. 2025లో వచ్చిన ఎస్‌క్యూ అని ఉన్నా మంచిదే. మూడు డబ్బాలకూ ఆ అక్షరాలు సమానంగా ఉంటే, కంపెనీ వెబ్‌సైటులో దొరికే సాంకేతిక వివరాల పత్రంలో నోఆక్ అనే శాతాన్ని పోల్చండి. 250 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచినప్పుడు ఎంత ఆయిల్ ఆవిరైపోతుందో చెప్పే లెక్క అది. ఎస్పీ శ్రేణిలోని 5డబ్ల్యూ-30కి 15 శాతం దాటకూడదు. ఒకదానికి 14, మరొకదానికి 10 ఉంటే, గంటల తరబడి హైవే మీద పరుగెత్తే మీ బండికి రెండోది మేలు. ఈ అంకెలన్నీ సమానమైతే తక్కువ ధరది కొని, మిగిలిన డబ్బుతో మంచి ఆయిల్ ఫిల్టరు వేయించండి.

మన ప్రాంతంలో ఇంజిన్‌కు ఎండ కంటే దుమ్మే పెద్ద శత్రువు. కొన్నేళ్ల కిందట నా కారు సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, ఎయిర్ ఫిల్టరు పెట్టె క్లిప్పు ఒకటి పెట్టకుండానే తిరిగి ఇచ్చారు. కల్వకుర్తి వైపు చెల్కల మధ్య మట్టి దారుల్లో రెండు నెలలు తిరిగాక మూత తీసి, ఫిల్టరు దాటిన తర్వాతి గొట్టం లోపల వేలితో రాస్తే వేలికి ఎర్రటి పొడి అంటుకుంది. ఆ పొడిలోని ఇసుక రేణువులు పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తాయి. ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా వాటిని ఆపలేదు. అంతకుముందు ఒక్క చుక్క తగ్గని నా బండి ఆ తర్వాత ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. మీ ప్రయాణం హైవే మీదే కాబట్టి ఆయిల్ మార్చడానికి పుస్తకంలో ఇచ్చిన గడువు సరిపోతుంది. రోజూ మట్టి దారుల్లో తిరిగేవారు మాత్రం అదే పుస్తకంలో కఠిన పరిస్థితులకు విడిగా ఇచ్చిన తక్కువ గడువును పాటించాలి.

ప్రశ్న: మాది బీఎస్6 డీజిల్ కారు. మిల్లు లారీల కోసం తెచ్చిన 15డబ్ల్యూ-40, సీఐ-4 ఆయిల్ డ్రమ్ములో మిగిలింది. రెండూ డీజిల్ ఇంజిన్లే కదా, అదే కారుకూ వాడవచ్చునా? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం: వద్దమ్మా. మీ కారు పొగగొట్టంలో మసిని పట్టుకునే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని అది వేడితో కాల్చేసుకుంటుంది, కానీ ఆయిల్‌లోని లోహపు లవణాలు కాలి మిగిలే బూడిద మాత్రం ఎంత కాల్చినా పోదు. అందుకే ఇలాంటి కార్లకు బూడిద తక్కువగా ఉండే ఆయిల్ అడుగుతారు. ఉదాహరణకు యూరప్ కార్ల తయారీదారుల ఏసీఈఏ సీ3 ప్రమాణంలో అది 0.8 శాతం మించకూడదు. సీఐ-4 ఈ ఫిల్టర్లు రాకముందు, 2002 నాటి ఆయిల్. మిగిల్చిన డబ్బుకు ఎన్నో రెట్లు ఫిల్టరు మార్చడానికి అవుతుంది.

మరొక మాట. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండిలో డీపీఎఫ్‌లో ఆ మసి కాలడం మధ్యలో ఆగిపోయి, అందుకోసం వాడిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరిగినట్టు కనిపించి, డీజిల్ వాసన వస్తే వెంటనే ఆయిల్ మార్పించండి. పది రోజులకొకసారి నార్కట్‌పల్లి దాకా ఆగకుండా నడిపితే ఆ బెడద తగ్గుతుంది.

ప్రశ్న: కారుకు పోయగా మిగిలిన సింథటిక్ ఆయిల్ బైకులో పోయవచ్చా? – ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: గేర్ల బైకులో క్లచ్ పలకలు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్‌లో రాపిడిని తగ్గించేందుకు కలిపే పదార్థాల వల్ల ఆ పలకలు జారి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తున్నా బండి కదలదు. బైకుల ఆయిల్‌కు జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ2 అని రాసి ఉన్నదే పోయండి. గేర్లు లేని స్కూటరుకు జాసో ఎంబీ సరిపోతుంది.

ప్రశ్న: ఒకసారి సింథటిక్ వాడితే మళ్లీ మామూలు ఆయిల్‌కు రాకూడదంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, అచ్చంపేట

సమాధానం: నిజం కాదు. గ్రేడు, ఏపీఐ అక్షరాలు పుస్తకంలో ఉన్నట్టే ఉంటే రావచ్చు. ఆయిల్ మార్చే గడువును మాత్రం తగ్గించుకోండి. ఆయిల్ ఏదైనా, ఖాళీ డబ్బాను షెడ్డులోనే వదిలేయకుండా మీ ఎదుటే కోయించండి. లూజు ఆయిల్ నింపి అమ్మేవాళ్లకు కావలసింది ఆ డబ్బానే.