నడిబొడ్డున నిలిచే కట్టడం: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

‘ఏజ్ ఆఫ్ మిథాలజీ’ అనే కంప్యూటర్ ఆటలోని టౌన్ సెంటర్ అనే ప్రధాన కట్టడం గురించి నీవు రాసి పంపిన వ్యాసం అందింది. మొదటిసారి ఏకబిగిన చదివాను, రెండోసారి పెన్సిలు చేతపట్టుకుని చదివాను. ఆ ఆట నీకు ఎంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. పురాణగాథలను ఆధారం చేసుకున్న స్ట్రాటజీ గేముల గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలని ఒక యువకుడికి అనిపించడమే నాకు సంతోషం. ఆ సంతోషంతోనే మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

“టౌన్ సెంటర్ ఈ ఆటకు గుండెకాయ వంటిది” అని మొదలుపెట్టావు. ఆ వాక్యం తీసెయ్యి. ఏ ఆటలోని ఏ ప్రధాన కట్టడం గురించైనా ఆ మాట అనవచ్చు కాబట్టి, ఈ కట్టడం గురించి అది పాఠకుడికి ఏమీ చెప్పడం లేదు. దాని తర్వాత గ్రామస్థులను తయారుచేస్తుంది, ఆహారమూ కలపా బంగారమూ దాస్తుంది, శత్రువు దగ్గరికొస్తే బాణాలు వేస్తుంది అంటూ పనుల పట్టిక ఇచ్చావు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆట ఆడిన ప్రతివాడికీ అది మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. రచయిత చెప్పవలసింది దాని అవతల ఉంది: ఈ కట్టడాన్ని ఎక్కడ కట్టనిస్తారు, ఎక్కడ కట్టనివ్వరు?

కొంచెం వెనక్కి వెళదాం. ఎన్సెంబుల్ స్టూడియోస్ 1999లో తెచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో, కాజిల్ ఏజ్ అనే మూడో దశకు చేరుకున్న ఆటగాడు చేతిలో సరుకు ఉంటే తనకు నచ్చిన ఖాళీ స్థలంలో మరో టౌన్ సెంటర్ కట్టుకోవచ్చు. అదే సంస్థ మూడేళ్ళ తర్వాత, 2002లో, గ్రీకు, ఈజిప్టు, నార్స్ (ఉత్తర ఐరోపా) దేవతలతో ‘ఏజ్ ఆఫ్ మిథాలజీ’ తెచ్చినప్పుడు ఆ స్వేచ్ఛను తీసేసింది. మ్యాప్ మీద అక్కడక్కడా సెటిల్‌మెంట్లనే గుర్తులు ముందే ఉంటాయి. టౌన్ సెంటర్ వాటి మీదే లేస్తుంది, పక్కన పచ్చని మైదానం ఎంత ఉన్నా అక్కడ లేవదు. చరిత్రను ఆడించిన ఆటలో ఊరి చోటు మనిషి ఇష్టం. పురాణాన్ని ఆడించిన ఆటలో ఆ చోటు మనిషి కంటే ముందే నిర్ణయమై ఉంటుంది. ఆట కూర్చినవారు దీన్ని కేవలం పోటీ కోసం, ఆటగాళ్ళు మ్యాప్ మధ్యకు వచ్చి తలపడాలని పెట్టి ఉండవచ్చు. అయినా ఆ ఒక్క నిషేధంతో టౌన్ సెంటర్ కట్టడంగా కంటే ముందు ఒక స్థలంగా మారింది. నీ వ్యాసం ఇక్కడి నుంచి మొదలుకావాలి.

ఇది పురాణాలకు దూరమైన సంగతి కాదు. దేవతల రాజు జ్యూస్ భూమి రెండు చివరల నుంచి రెండు గద్దలను వదిలితే అవి ఎదురుపడిన చోటే లోకానికి నడిమధ్య అని గ్రీకులు నమ్మారు, డెల్ఫీలో అక్కడొక రాయిని నిలిపి దానికి ఆంఫలోస్ అని పేరుపెట్టారు. ఆ మాటకు అర్థం బొడ్డు. నార్వే నుంచి ఐస్‌లాండ్‌కు తరలివెళ్ళిన ఇంగోల్ఫ్ ఆర్నార్సన్ తన పెద్దపీఠపు స్తంభాలను సముద్రంలోకి విసిరి, అవి ఏ ఒడ్డుకు చేరితే అక్కడే కాపురం పెడతానని మొక్కుకున్నాడనీ, బానిసలు ఏళ్ళ తరబడి వెతికి వాటిని కనుక్కున్న చోటే నేటి రెక్యావిక్ అనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఇద్దరూ ఊరి చోటును తాము ఎంచుకోలేదు, తమకు చూపించినదాన్ని అందుకున్నారు. ఆటలోని సెటిల్‌మెంట్ గుర్తు వెనుక ఉన్న భావం ఇదే.

నీవు టౌన్ సెంటర్‌ను మయసభతో పోల్చావు. పోలిక అందంగా ఉంది గానీ నిలవదు. మయసభ చూపించుకోవడానికి కట్టినది; దుర్యోధనుడి కళ్ళు చెదరడానికి, అతని కడుపు మండడానికి పనికొచ్చింది తప్ప ఇంద్రప్రస్థంలోని రైతు తన ధాన్యాన్ని అక్కడికి మోసుకురాలేదు. మన దగ్గర దీనికి సరైన పోలిక కావాలంటే ఊళ్ళోకి నడువు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ పాతిన బొడ్రాయిని చూసి ఉంటావు. దాన్ని ప్రతిష్ఠించేనాడు ఎక్కడెక్కడికో కాపురానికి వెళ్ళిన ఆడపడుచులను కూడా పిలిపిస్తారు, ఎందుకంటే ఆ రాయి ఊళ్ళో పుట్టినవాళ్ళందరిదీ. గ్రీకువాడు డెల్ఫీ రాయిని ఏమని పిలిచాడో మనవాళ్ళు ఈ రాయిని అదే పేరుతో పిలిచారు; ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకోనక్కరలేకుండానే ఇద్దరికీ ఊరు ఒక శరీరంగా తోచింది. “ఊరి నడిబొడ్డున” అని మనం రోజూ అంటూనే ఉంటాం. అంత మంచి మాట నోట్లో ఉండగా గుండెకాయ ఎందుకు నాయనా?

నీ వ్యాసంలో అసలే రాని విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది కూడా అదే. ఆటలో క్లాసికల్ ఏజ్ అనే రెండో దశకు వెళ్ళాలంటే ముందుగా టెంపుల్ కట్టి ఉండాలి, 400 ఆహారం చెల్లించాలి. జ్యూస్‌ను కొలిచే ఆటగాడి ముందు అప్పుడు ఇద్దరు నిలుస్తారు: ఎథీనా, హెర్మెస్. ఎథీనాను ఎంచుకుంటే ఎద్దు తల ఉన్న మినోటార్లు వస్తాయి, హెర్మెస్‌ను ఎంచుకుంటే సగం మనిషి, సగం గుర్రమైన సెంటార్లు వస్తాయి, వదులుకున్న దేవత ఆ ఆటలో మళ్ళీ పలకదు. ఇంత పెద్ద నిర్ణయం ఎక్కడ జరుగుతుందో గమనించావా? గుళ్ళో కాదు, టౌన్ సెంటర్‌లో. గుడి ఉండటం షరతు మాత్రమే; ఏ దేవతను పిలవాలో తేల్చేది ఊరు. ప్రాచీన గ్రీకు నగరాల్లో ప్రిటానియన్ అనే పౌరభవనంలోనే హెస్టియా దేవత అగ్ని ఆరకుండా వెలిగేది, కొత్త వలస ఊరు స్థాపించడానికి బయలుదేరేవారు ఆ నిప్పునే వెంట తీసుకుపోయేవారు. పాలనకూ పూజకూ ఒకే కప్పు ఉండేదన్నమాట.

ఇప్పుడు తెరను దగ్గరగా చూడు. ఏజ్ మారడానికి ఆజ్ఞ ఇచ్చాక, ఆ పని పూర్తయ్యేదాకా ఆ టౌన్ సెంటర్ కొత్త గ్రామస్థులను తయారుచేయదు. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత మెల్లగా సాగుతుంటుంది. పొలాల్లో ఉన్నవాళ్ళు పొలాల్లోనే ఉంటారు, గొడ్డలి పట్టినవాడు చెట్టు దగ్గరే ఉంటాడు, కానీ ఊళ్ళోంచి ఒక్క కొత్త మనిషి కూడా బయటికి రాడు. దేవత రాక కోసం ఊరు ఊపిరి బిగబట్టినట్టుంటుంది. పోటీలో ఆరితేరినవాళ్ళు ఈ వ్యవధిని నష్టంగా లెక్కగడతారు, ఆ లెక్క సరైనదే. నీవు మాత్రం ఆ నిశ్శబ్దాన్ని రాయి, ఆ లెక్కను కూడా పక్కనే ఉంచి రాయి.

లెక్కలంటే జంకవద్దు. మూల ఆటలో ఇల్లొక్కటికి 10 మంది, గ్రీకులకు పదికి మించి ఇళ్ళు కట్టుకునే వీలు లేదు, అదనంగా పటిష్ఠం చేయని టౌన్ సెంటర్ ఒక్కొక్కటి 15 మందిని పోషిస్తుంది. అలాంటి ఒకే ఊరున్నవాడు 115 దగ్గర ఆగిపోతాడు. అంతకు మించి సైన్యం కావాలంటే మరో సెటిల్‌మెంట్ పట్టుకోక తప్పదు. శత్రువు ఊరి మీదికి ఎందుకు వెళ్ళాలో ఈ మూడు అంకెలు చెప్పినంత గట్టిగా ఏ సంభాషణా చెప్పలేదు.

జాతికొక తీరుగా ఈ కట్టడం మారుతుందని నీవు ఒక్క వాక్యంలో ముగించావు. అక్కడ ఆగి ఉండాల్సింది. నార్స్ జనం సరుకు దించడానికి ఎద్దుబండ్లు వెంట తిప్పుకుంటారు, కట్టడాలు లేపే పని చాలావరకు కత్తి పట్టినవాడిదే. వాళ్ళ ఊరు కదులుతున్నట్టుంటుంది. 2003లో ‘ది టైటన్స్’ అనే అనుబంధంతో వచ్చిన అట్లాంటిస్ పౌరులకు సరుకు మోసుకొచ్చి దించే అవసరమే లేదు. ఇక ఈజిప్టులో ఫారో స్వయంగా వచ్చి ఒక కట్టడం పక్కన నిలబడితే అక్కడి పని వేగం పుంజుకుంటుంది. ఫారో అన్న మాటకు మూలమైన ‘పెర్-ఆ’కు అర్థం ‘పెద్ద ఇల్లు’. మొదట అది రాజభవనం పేరు, తర్వాత అందులో ఉండే రాజుకు పేరైంది. భవనం పేరు మోసే మనిషి భవనం పక్కన నిలబడి దానికి బలమివ్వడం ఈ ఆటలో నాకు అత్యంత ఇష్టమైన దృశ్యం. ఈజిప్టు దేవత సెక్మెట్‌ను ఎంచుకున్నవారికి ఇంకొక వరముంది: ఒక టౌన్ సెంటర్‌ను కోటగా మార్చే శక్తి. మూల ఆటలో అది ఒక్కసారికే దక్కుతుంది, కాబట్టి ఏ ఊరిని కాపాడుకోవాలో ఆటగాడు తేల్చుకోవాలి.

భాష గురించి ఒక మాట. టౌన్ సెంటర్‌ను కొన్నిచోట్ల ‘నగర కేంద్ర భవనం’ అన్నావు. ఆడేవారెవరూ అలా అనరు. టౌన్ సెంటర్ అనే రాయి. వర్ణన వచ్చినప్పుడు మాత్రం ఊరు, పొలిమేర, కళ్ళం, నడిబొడ్డు వంటి మన మాటలను ధైర్యంగా వాడుకో.

చివరగా, నీ వ్యాసమంతా గెలిచినవాడి వైపు నుంచే సాగింది. ఈసారి ఓడిపోయే ఆట ఒకటి ఆడి, మధ్యలో వదలకుండా చివరిదాకా చూడు. గంట మోగగానే పొలాల్లోని వాళ్ళంతా పరుగున వచ్చి లోపల దూరతారు, బాణాల జడి పెరుగుతుంది, అయినా గోడలకు మంటలు అంటుకుంటాయి. కట్టడం కూలాక ఆ చోట పాత సెటిల్‌మెంట్ గుర్తే మిగులుతుంది. అది నీది కాదు, శత్రువుదీ కాదు. ముందు ఎవరు సరుకుతో చేరుకుంటే వారిది. ఆ ఖాళీ చోటు మీద ఒక పేరా రాసి, దాన్నే వ్యాసానికి మొదటి పేరాగా పెట్టి నాకు పంపు. ఈ నెలాఖరుదాకా ఇంట్లోనే ఉంటాను, తీరిగ్గా చదువుతాను.

నీ మేలు కోరే
పెద్దవాడు