ఎదుటివాళ్లకు చెబితే కష్టమైన పాఠం నిజంగా అర్థమవుతుందా?

అవుతుంది, కాకపోతే పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పాలి. చదివేటప్పుడు వాక్యాలు కళ్లముందే ఉంటాయి కాబట్టి అంతా తెలిసినట్టే ఉంటుంది. చెప్పబోతే కారణాలను మనమే గుర్తుచేసుకుని అతకాలి, అతుకు లేనిచోట నోరు ఆగిపోతుంది.

ఉదాహరణకు, అనంతపురంలో నైరుతి వానలు ఎందుకు తక్కువ? "వర్షచ్ఛాయా ప్రాంతం" అని అప్పజెప్పడం తేలికే. ఏడో తరగతి పిల్లోడు "అంటే ఏందన్నా?" అంటే? అరేబియా సముద్రం మీది తేమగాలి పడమటి కనుమలెక్కుతూ చల్లబడి అక్కడే ఎక్కువగా కురిసేస్తుంది, ఇవతలికి దిగుతూ వేడెక్కుతుంది కాబట్టి ఇటు మేఘాలు సరిగా కట్టక వాన తక్కువ. కొండల చాటున ఇలా వాన తగ్గిన చోటే వర్షచ్ఛాయా ప్రాంతం. చాలామంది తడబడేది ఈ వేడెక్కడం దగ్గరే (కిందికొచ్చేకొద్దీ ఒత్తిడి పెరిగి గాలి నొక్కుకుపోతుంది, అందుకే). ఆ ఒక్క ముక్క మళ్లీ చదివి మళ్లీ చెబితే చాలు, అధ్యాయమంతా అక్కర్లేదు.

సులువుగా చెప్పడమంటే శాస్త్రపదాలు తీసేయడమని పొరబడతారు. "వర్షచ్ఛాయ" అనే మాటను ఉంచే వివరించాలి, పరీక్షలో రాయాల్సింది అదే కదా.