సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టేయకు

అమ్మలూ,

బిల్డర్ దగ్గర నువ్వు కొంటున్న ఫ్లాట్ అగ్రిమెంట్ గురించి నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. "అందరికీ ఇదే ఫార్మాట్ పెదనాన్నా, ఒక్క అక్షరం కూడా మార్చరట" అన్నావు. నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు. అలా అచ్చు వేసి మన ముందు పడేసే కాగితాల కోసమే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో విడిగా రాశారు. అడ్డగోలు డిపాజిట్, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా, సరైన కారణం లేకుండా తామే రద్దు చేసుకునే హక్కు, మన ఒప్పుకోలు లేకుండా ఇంకొకరికి బదలాయించి మనకు నష్టం తెచ్చే వెసులుబాటు, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి.

ముందు ఆ అగ్రిమెంట్ ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని కూర్చో. నువ్వు వాయిదా ఆలస్యంగా కడితే ఏమవుతుందో ఉన్న క్లాజు ఒకటి, వాళ్లు ఇల్లు ఆలస్యంగా ఇస్తే ఏమవుతుందో ఉన్న క్లాజు ఇంకొకటి వెతుకు, రెండూ చాలాసార్లు పది పేజీల దూరంలో ఉంటాయి, వాటిని పక్కపక్కన రాసుకుని చూడు. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన పయనీర్ అర్బన్ అనే బిల్డర్ కంపెనీ కేసులో సరిగ్గా ఇదే బయటపడింది. కొన్నవాళ్లు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డర్ డబ్బు వెనక్కివ్వాల్సి వస్తే 9 శాతమే. అది కూడా ఏళ్లూ నెలలూ ఆగి, నోటీసులిచ్చిన తర్వాత. వేరే దారి లేక చుక్కల గీత మీద సంతకం పెట్టినంత మాత్రాన ఇలాంటి ఏకపక్ష షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని కోర్టు తేల్చేసింది. బిల్డర్ల మీద నియంత్రణ కోసం తెచ్చిన రెరా చట్టం కూడా ఇద్దరికీ ఒకే వడ్డీ రేటు అంటుంది. పైగా అగ్రిమెంట్ ఫర్ సేల్, అంటే అమ్మకపు ఒప్పందం, రిజిస్టర్ కాకముందే ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు, ఈ మాట వాళ్లనే సూటిగా అడుగు.

వివాదం వస్తే ఆర్బిట్రేషనే, అంటే కోర్టుకు పోకుండా మధ్యవర్తి తీర్పే, అని రాసి ఉంటే టెన్షన్ పడకు, ఆ క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫలానా ఊళ్లోనే కేసు వేయాలన్నా అంతే, నువ్వు ఉంటున్న చోట ఫిర్యాదు చేసే హక్కు చట్టమే ఇచ్చింది. ఒకటి మాత్రం చాలామంది పొరబడతారు. షరతే అన్యాయమైనది, కొట్టేయండి అని అడగాలంటే జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం దానికి ఉంది. గొడవ మొదలైన రెండేళ్లలోపే వేయాలి, "చూద్దాం మేడమ్, మాట్లాడదాం" అంటూ వాళ్లు కాలం గడిపేస్తారు, ఆ మాటల్లో పడకు.

అభ్యంతరాలు ఫోన్లో చెప్పకు. ఏ క్లాజు, ఏం మార్చాలి అని ఈమెయిల్ పెట్టు. వాళ్లు మార్చకపోయినా సరే, నువ్వు అడిగావు, వాళ్లు కాదన్నారు అనే రుజువు నీ చేతిలో ఉంటుంది. ఇంకా దారి తెలియకపోతే 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి.

సంతకానికి రమ్మన్నా ఈ వారం వెళ్లకు. పీడీఎఫ్ మొత్తం, అనెక్సర్లతో సహా, నాకు వాట్సాప్‌లో పంపు.

మీ పెదనాన్న