19 ఏళ్లకే పళ్లు కదులుతున్నాయి.. ఇమ్యూనిటీ తగ్గిందా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. రెండు పూటలా బ్రష్ చేస్తుంది, గార కూడా పెద్దగా లేదు. అయినా ముందు పళ్ల మధ్య సందు పెరిగింది, కింది దవడ పన్ను కదులుతోంది. ఎక్స్-రేలో ఎముక అరిగిందన్నారు. మా పెద్దబ్బాయికీ ఇలాగే పన్ను ఊడింది. రోగనిరోధక శక్తి తగ్గిందని, ఏవో పొడులు వాడమని చుట్టాలు చెబుతున్నారు. వాడొచ్చా?
- ఓ తల్లి, పర్లాకిమిడి

జవాబు: పొడులు పక్కన పెట్టండమ్మా. చిన్న వయసు, గార తక్కువ, ముందు పళ్లు, దవడ పళ్లు దెబ్బతినడం, అన్నకూ అదే బాధ... ఇవన్నీ చూస్తే గతంలో 'అగ్రెసివ్ పెరియోడాంటైటిస్' అని పిలిచిన, పళ్ల చుట్టూ ఎముకను వేగంగా కరిగించే చిగుళ్ల జబ్బేమోనని నా అనుమానం. 2018లో వచ్చిన కొత్త వర్గీకరణలో ఆ పేరు తీసేశారు, జబ్బు మాత్రం అదే. నోరు చూస్తే గానీ ఖాయంగా చెప్పలేం.

చిగుళ్లకు కాపలా కాసేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. క్రిములున్న చోటికి పాకి వెళ్లి వాటిని మింగేస్తాయి. ఈ జబ్బున్న కొందరు యువతలో ఇవి సరిగ్గా కదలడం లేదని 1970ల్లోనే గమనించారు. తర్వాత ఇంకో సంగతి తెలిసింది. కొందరిలో ఇవి మరీ రెచ్చిపోయి ఉంటాయి. క్రిముల మీదికి వదలాల్సిన ఎంజైములు చిగురునూ ఎముకనూ కూడా కరిగిస్తాయి. కంచే చేను మేసినట్టన్నమాట. పైగా ఈ జబ్బులో తరచూ కనిపించే ఓ బ్యాక్టీరియా తన విషంతో ఈ కణాలనే చంపగలదు. ఇలాంటప్పుడు 'శక్తి పెంచే' పొడి ఏం చేస్తుంది చెప్పండి?

కణాల కదలిక పరీక్ష పరిశోధన ల్యాబుల పని, దాని కోసం తిరగొద్దు. సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), షుగర్ చేయించండి. తెల్లకణాల సంఖ్యలో తేడా ఉంటే అందులో బయటపడుతుంది. మాటిమాటికీ జ్వరం రావడం, పుండ్లు మానకపోవడం, చిన్నప్పటి నుంచి అరిచేతులు, అరికాళ్లు మందంగా పొట్టు లేస్తుండటం ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

బరంపురమో, శ్రీకాకుళమో, మీకు ఏది వీలైతే అక్కడ చిగుళ్ల స్పెషలిస్టుకు చూపించండి. మత్తు ఇంజక్షన్ ఇచ్చి చిగురు లోపల వేర్ల దాకా శుభ్రం చేస్తారు. దాంతోపాటు అవసరమైతే అమాక్సిసిలిన్, మెట్రానిడజోల్ మాత్రలు కొద్ది రోజులు ఇస్తారు. శుభ్రం చేయించకుండా షాపులో మాత్రలు కొని మింగితే లాభం లేదు, పాచి పొర లోపలి క్రిములు వాటికి లొంగవు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి. కదిలే పన్నునల్లా పీకించేయకండి, కొన్ని మళ్లీ గట్టిపడతాయి.

మీ వైపు గుడాకుతో పళ్లు తోమే అలవాటుంది కదా, అది పొగాకే. నొప్పి తగ్గుతుందని ఎవరు చెప్పినా అమ్మాయిని దాని జోలికి పోనివ్వొద్దు.

చికిత్స అయ్యాక కూడా మూడు నెలలకోసారి చూపించాలి. పెద్దబ్బాయినీ వెంట తీసుకెళ్లండి. ఇంకా చిన్న పిల్లలుంటే నొప్పి లేకపోయినా వాళ్ల చిగుళ్లూ చూపించండి.