తెల్లవారుజామున ఐదింటికి కాలనీ సైరన్: ఆపించడం ఎలా?

సందేహం: మాది ఆవడి దగ్గర ఒక కాలనీ. నూట ఇరవై ఇళ్లుంటాయి, ఎక్కువమంది రిటైరైనవాళ్లే. మూతబడిన ఒక ఫ్యాక్టరీ సామాన్లు వేలం వేసినప్పుడు మా అసోసియేషన్ వాళ్లు పాత సైరన్ ఒకటి కొని వాటర్ ట్యాంక్ మీద బిగించారట. పద్నాలుగేళ్లుగా తెల్లవారుజామున ఐదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, రాత్రి తొమ్మిదింటికి రోజూ నిమిషం పాటు మోగిస్తున్నారు. మేం మూడేళ్ల క్రితం ఇక్కడ ఇల్లు కొన్నాం. మావారివి నైట్ షిఫ్టులు, మా అత్తయ్యకు గుండె ఆపరేషన్ అయింది. 2025 మే నెలలో యుద్ధం వార్తలు వస్తున్న రోజుల్లో సెక్రటరీగారు స్విచ్ వేస్తూ ఆపుతూ అచ్చం విమాన దాడి సైరన్ లాగే మోగించారు. అత్తయ్య వణికిపోయారు. అడిగితే, ‘‘ఇది ఫైర్ సైరన్, చట్టప్రకారం ఉండాల్సిందే. అయినా సైరన్ ఉందని తెలిసే కదా ఇల్లు కొన్నారు’’ అంటున్నారు. మా అబ్బాయేమో రాత్రికి రాత్రి వైరు కట్ చేసేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, చెన్నై

సలహా: ముందు మీ అబ్బాయిని ఆపండమ్మా. ఆ సైరన్ మోటారు త్రీఫేజ్‌ది అయితే వైరు కట్ చేయబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అది తప్పినా కేసు తప్పదు. ఇతరుల ఆస్తికి నష్టం చేయడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. న్యాయం మీ వైపు ఉన్న గొడవలో ముద్దాయి మీ ఇంటివాడు కావడం దేనికి?

ఇక సైరన్ సంగతి. తమిళనాట దీన్ని ‘సంగు’ అంటారు. ‘సంగు ఊదేశారు’ అంటే పని అయిపోయిందని వెటకారం కూడా. 1942లో జపాన్ వాళ్లు వచ్చేస్తున్నారని మద్రాసు జనం మూటాముల్లే సర్దుకుని ఊరు వదిలిన రోజుల్లో సైరన్ అంటే ప్రాణభయం. తర్వాత అదే కూత మిల్లులకూ మునిసిపాలిటీలకూ గడియారమైంది. మీ కాలనీ పెద్దలకు దాని మీద మమకారం ఉండటంలో వింత లేదు. డ్యూటీకి పరుగెత్తించిన కూత కదా. కానీ చట్టం మమకారాన్ని చూడదు. ఆ స్విచ్ ఎవరు నొక్కారు, ఎందుకు నొక్కారు అన్నదే చూస్తుంది. ఆపద వచ్చి మోగిస్తే మినహాయింపు ఉంది. అలవాటుగా మోగిస్తే లేదు.

మీ కేసులో గట్టి పాయింటు ఐదింటి కూత. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ‘రాత్రి’. 5వ నిబంధన మొదట్లో ప్రధానంగా లౌడ్‌స్పీకర్ల గురించే ఉండేది. 2010లో సవరించి, శబ్దం చేసే ఏ పరికరాన్నీ రాత్రివేళ బహిరంగంగా వాడకూడదన్నారు. నాలుగు గోడల మధ్య వాడితేనో, ప్రజలకు అత్యవసర పరిస్థితి వస్తేనో తప్ప. కాబట్టి ‘ఇది లౌడ్‌స్పీకర్ కాదు, మోటారు సైరన్’ అనే వాదన ఐదింటి కూతకు పనిచేయదు. పైగా రాత్రి ఆంక్షను ఉల్లంఘిస్తే ఫిర్యాదుకు డెసిబెల్ లెక్కలు కూడా అక్కర్లేదు. మోగింది అని చూపిస్తే చాలు.

పన్నెండింటిది, తొమ్మిదింటిది అంత తేలిక కాదు. అవి రెండూ పగటి లెక్కలోకే వస్తాయి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. అంతకు 10 గానీ ఆపైన గానీ ఎక్కువైతే ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఆ 55 అనేది సగటు. ‘నిమిషం మోతను రోజంతటి సగటులో చూడండి’ అని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. అననివ్వండి. డెసిబెల్స్ మామూలు కూడికలు, భాగహారాలకు లొంగవు. మీ కిటికీ దగ్గర 100 డెసిబెల్స్ ఒక్క నిమిషం మోగిందనుకోండి, పదహారు గంటలకు సగటు తీసినా ఆ నిమిషం వల్లే 70 దాకా వస్తుంది. కాకపోతే ఫోన్ యాప్‌లో చూపించిన అంకెను సాక్ష్యంగా పట్టుకుని కోర్టుకు పోవద్దు. అధికారులు మీటరు పెట్టి కొలవాలి. అందుకే పగటి కూతల విషయంలో నేను డెసిబెల్స్ కంటే న్యూసెన్స్, అంటే ఇరుగుపొరుగుకు కలిగే బాధ మీదే ఎక్కువ ఆధారపడతాను.

‘తెలిసే కదా కొన్నారు’ అన్నది వినడానికి బాగుంటుంది గానీ కోర్టులో నిలవదు. న్యూసెన్స్ ఉన్నచోటికి మీరే వచ్చారనడం దానికి జవాబు కాదు. పద్నాలుగేళ్ల ఆనవాయితీ కూడా హక్కు కాదు. ఏళ్ల తరబడి వాడకం వల్ల వచ్చే ఈజ్‌మెంట్ హక్కు రావాలన్నా ఇరవై ఏళ్లు గడవాలి. అదీగాక పదిమందికి బాధ కలిగించే పబ్లిక్ న్యూసెన్స్‌కు ఎన్నేళ్లయినా హక్కు పుట్టదు.

‘ఫైర్ సైరన్ ఉండాల్సిందే’ అంటున్నారా? ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో ఫైర్ అలారం ఉండాలి, నిజమే. అది పొగ వచ్చినప్పుడో, ఎవరైనా బటన్ నొక్కినప్పుడో మోగేది. విడి ఇళ్ల కాలనీలో ట్యాంకు మీద సైరన్ పెట్టి గంటల లెక్కన కూయించమని ఏ చట్టంలో ఉందో చూపించమనండి. రోజుకు మూడుసార్లు మోగే దాన్ని నిజంగా నిప్పంటుకున్న రోజు ఎవరు పట్టించుకుంటారు? ఆ ట్యాంకు స్థలం ఎవరిదో కూడా కనుక్కోండి. లేఅవుట్ వేసినప్పుడు కార్పొరేషన్‌కు రాసిచ్చిన స్థలమైతే, వాళ్ల అనుమతి లేకుండా సైరన్ బిగించడమే తప్పు.

మే నెల సంఘటన మీద మీ కోపం నాకు అర్థమైంది. మన సివిల్ డిఫెన్స్ పద్ధతిలో హెచ్చుతగ్గులుగా రెండు నిమిషాలు మోగితే దాడి హెచ్చరిక, ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తప్పినట్టు. సరదాకి వాడుకునే కూత కాదది. ఆ మే 10న కేంద్రం టీవీ చానళ్లకు ఇదే చెప్పింది. ఊరికే సైరన్ శబ్దాలు వినిపిస్తే అసలు హెచ్చరికను జనం లెక్కచేయరు, మానుకోండి అని. అది మీడియాకు ఇచ్చిన సూచన, మీ సెక్రటరీగారికి నేరుగా వర్తించదు. జనం హడలిపోయేలా విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక చేస్తే విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. అయినా దాని జోలికి ఇప్పుడు వెళ్లొద్దంటాను. ఎదురింటి పెద్దాయన మీద క్రిమినల్ కేసు పెట్టి, రేపు అదే వీధిలో ఎలా తిరుగుతారు? మళ్లీ అలా మోగిస్తే అప్పుడు చూద్దాం.

ముందు అసోసియేషన్‌కు రాతపూర్వకంగా అడగండి. ఐదింటి కూత వెంటనే ఆపాలి, మిగతా రెండింటిపై జనరల్ బాడీ పెట్టాలి అని. మీ బాధే పడుతున్న ఇంకో నాలుగైదు ఇళ్ల సంతకాలు తీసుకోండి. అత్తయ్యగారి డిశ్చార్జ్ సమ్మరీ కాపీ జత చేయండి. ఈలోగా మీ పడగ్గదిలోంచి గోడ గడియారం కనిపించేలా వారం రోజులు వీడియో తీసి ఉంచండి.

పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే ఆవడి పోలీస్ కమిషనర్ పేర స్థానిక స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. అక్కడా కాకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 152వ సెక్షన్ కింద న్యూసెన్స్ తొలగించమని ఆర్డీఓ దగ్గర, చివరికి సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే మోత ఆపమనే ఉత్తర్వు కోసం వెళ్లండి. 2000లో సుప్రీంకోర్టు తేల్చిన చర్చ్ ఆఫ్ గాడ్ కేసు మన చెన్నైదే. ప్రార్థన పేరుతోనైనా ఇరుగుపొరుగు ప్రశాంతత చెడగొట్టే హక్కు లేదన్నారు. అందులో మోత భరించలేక పోరాడింది కాలనీ సంఘం. మీ దగ్గర మోత చేస్తున్నదే సంఘం!

జైలు బెదిరింపులు మాత్రం వద్దు. ఈ శబ్ద నిబంధనలకు మూలమైన పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఐదేళ్ల జైలని వాట్సాప్‌లో ఇంకా తిప్పుతున్నారు. జన్ విశ్వాస్ చట్టం తెచ్చిన సవరణతో 2024 ఏప్రిల్ నుంచి ఆ స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ వచ్చింది. అసోసియేషన్ కోశాధికారికి ఈ అంకె చెబితే చాలు.

రాజీ మాటలొస్తే సైరన్‌ను పీకించాలని పట్టుబట్టకండి. స్విచ్‌కు తాళం వేసి, నిప్పో వరదో వస్తేనే తీసేలా తీర్మానం చేయించండి. మిగ్జాం తుపానుకు మన శివార్లు ఎలా మునిగాయో చూశాం కదా. స్టేషన్ దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం, ఫిర్యాదు నమోదైందని పోలీసులిచ్చే సీఎస్ఆర్ రసీదు చేతికి రాకుండా అక్కణ్నుంచి కదలకండి.